కళ్ల కింది నలుపు: రంగా, రక్తమా, నీడా?

పెళ్లిలోనో పేరంటంలోనో చాలాకాలం తర్వాత కలిసిన చుట్టాలు అడిగే మొదటి మాటల్లో ఇదొకటి: "ఏంటమ్మా, కళ్ల కింద అంత నల్లగా అయిపోయింది? సరిగ్గా నిద్రపోవట్లేదా?" అడిగేవాళ్లది ప్రేమే. కానీ ఆ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. కళ్ల కింద నలుపంటే నిద్ర చాలక వచ్చేదని, కంటినిండా పడుకుంటే అదే పోతుందని మనలో పాతుకుపోయిన నమ్మకం. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. త్వరగా పడుకున్నాను, కీర దోసకాయ ముక్కలు పెట్టుకున్నాను, బంగాళాదుంప రసం రాశాను, ఒక ఐ క్రీము అయిపోతే ఇంకొకటి కొన్నాను. నలుపు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆ చిక్కు ఒక స్కిన్ డాక్టరు గదిలో రెండు నిమిషాల్లో విడిపోయింది. ఆవిడ నన్ను కిటికీ దగ్గరికి పిలిచి చేతికి అద్దం ఇచ్చారు. "చూస్తూ ఉండండి" అని, నా కింది రెప్పను వేలి కొసతో మెల్లగా కిందికి లాగి పట్టుకున్నారు. కంటి లోపలి మూల నుంచి చెంప మీదికి ఏటవాలుగా దిగే నల్లటి గీత ఒకటి నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. చర్మం సాగగానే ఆ గీత దాదాపు మాయమైంది. దాని పక్కనే ఉన్న గోధుమరంగు మాత్రం చర్మంతో పాటే సాగింది, పోలేదు. "మీకున్నవి రెండండీ. ఒకటి నీడ, ఒకటి రంగు. నీడకు ఏ క్రీమూ పని చెయ్యదు" అన్నారు. ఆ మాట పదేళ్ల ముందు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

డార్క్ సర్కిల్స్ అనేది ఒక జబ్బు పేరు కాదు. వేర్వేరు కారణాల వల్ల వచ్చే మూడు నాలుగు మార్పులు ఒకే చోట కనపడుతుంటే వాటన్నిటికీ కలిపి మనం పెట్టుకున్న ఒక్క పేరు. కారణం వేరైనప్పుడు మందూ వేరే కదా. పక్కింటావిడకు పనిచేసిన క్రీము మనకు పనిచేయకపోవడానికి కారణం ఇదే. చాలాసార్లు తప్పు క్రీముదీ కాదు, మనదీ కాదు. ఆవిడది ఒక రకం, మనది ఇంకో రకం.

ముందు ఆ చోటు ఎలాంటిదో చూద్దాం. ఒంటి మొత్తంలో అన్నిటికన్నా పల్చటి చర్మం కనురెప్పలది. మందం సుమారు అర మిల్లీమీటరు. చెంప మీద చర్మం కింద మెత్తటి కొవ్వు పొర ఉంటుంది, అది లోపలున్నవాటిని కప్పేస్తుంది. కింది రెప్ప దగ్గర ఆ కొవ్వు దాదాపు లేదు. చర్మం కిందే కన్ను మూసే గుండ్రటి కండరం ఉంటుంది, దాని చుట్టూ సన్నటి రక్తనాళాల వల. జంతికల పొట్లానికి నూనె అంటిన చోట కాగితం వెనక అక్షరాలు పైకి కనపడతాయే, అలా ఆ కండరమూ రక్తనాళాలూ పల్చటి చర్మం లోంచి లీలగా తెలుస్తుంటాయి. రక్తం ఎర్రగానే ఉంటుంది. కానీ చర్మం మాటు నుంచి చూస్తే సిరలు నీలంగా కనపడతాయి. మణికట్టు లోపలి వైపు ఒకసారి చూసుకుంటే తెలిసిపోతుంది. కళ్ల కింద కూడా అదే సంగతి.

ఇప్పుడు ఆ కిటికీ పరీక్ష. ఇది ఎవరికి వాళ్లు ఇంట్లో చేసుకోవచ్చు. పగటిపూట, మేకప్పూ కాటుకా లేకుండా, కిటికీకి ఎదురుగా నిలబడాలి. కింది రెప్ప చర్మాన్ని వేలితో నెమ్మదిగా కిందికి లాగి అద్దంలో చూడాలి. గోధుమరంగు అలాగే ఉండిపోతే అది చర్మంలో పేరుకున్న మెలనిన్, అంటే రంగు. నీలమో ఊదానో ఇంకాస్త ముదిరినట్టు కనపడితే అది రక్తం, ఎందుకంటే లాగినప్పుడు చర్మం మరింత పల్చబడి లోపలిది ఇంకా బాగా తెలుస్తుంది. నలుపు మాయమైతే అది నీడ. ఇంకో గుర్తు కూడా ఉంది. నెత్తిమీద లైటు ఉన్నచోట ముఖం పైకెత్తి లైటు వైపు చూస్తే నీడ పల్చబడుతుంది. రంగు మాత్రం ఎటు తిరిగినా రంగే. చాలామందిలో ఇవి కలిసే ఉంటాయి, నాకు రెండు ఉన్నట్టు. కాబట్టి ఇది తుది తీర్పు కాదు, ఎటు వెతకాలో చెప్పే దారి మాత్రమే.

రంగు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మన తెలుగు ముఖాల్లో ఎక్కువగా చూసేది అదే కాబట్టి.

మా ఇంట్లో అమ్మమ్మ ఫొటో ఒకటి ఉంది. నలుపు తెలుపు ఫొటో, స్టూడియోలో కుర్చీలో కూర్చుని తీయించుకున్నది. అప్పటికి ఆవిడకు ఇరవై ఏళ్లు కూడా ఉండవు. కళ్ల చుట్టూ ముదురు రంగు, లోపలి మూల నుంచి దిగే ఆ గీత, రెండూ స్పష్టంగా ఉన్నాయి. అమ్మకూ అంతే, నాకూ అంతే. కళ్ల చుట్టూ ఎక్కువ మెలనిన్ ఉండటం చాలా కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంటుంది. చామనఛాయ, నలుపు ఒళ్లున్న వాళ్లలో ఇంకా ఎక్కువ. చిన్నప్పుడో, పదో తరగతి ఇంటర్ వయసులోనో మొదలవుతుంది. కింది రెప్పకే పరిమితం కాకుండా పై రెప్ప మీద కూడా ఉంటుంది, కొందరిలో కణతల వైపు కూడా పాకుతుంది. ఇది జబ్బు కాదు. నిద్రకూ తిండికీ క్రమశిక్షణకూ దీనితో సంబంధం లేదు. ఈ మాట ఆడపిల్లలకు పదమూడు పద్నాలుగేళ్లప్పుడే చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. అద్దంలో చూసుకుని తమలో ఏదో లోపం ఉందని కుమిలిపోతున్న పిల్లకు "ఇది మన ఇంటి పోలిక" అన్న మాట ఎంత ఊరటనిస్తుందో నాకు తెలుసు.

అయితే వంశంగా వచ్చిన రంగును ఇంకా ముదిర్చేవి కొన్ని ఉన్నాయి, వాటిని ఆపడం మాత్రం మన చేతిలోనే ఉంది. మొదటిది నలపడం. మన భాషలో 'నలుపు' అంటే రంగు, 'నలుపుకోవడం' అంటే రుద్దుకోవడం. కళ్ల విషయంలో ఈ రెండు మాటలకూ నిజంగానే చుట్టరికం ఉంది. మన చర్మానికి ఏ చిన్న గాయమైనా, ఏ చిన్న వాపు వచ్చినా తగ్గాక నల్లమచ్చ మిగులుతుంది. దోమ కుట్టిన చోట కూడా నెలల తరబడి మచ్చ ఉండిపోవడం అందరం చూసిందే. రోజుకు పదిసార్లు కళ్లు నలుపుకునే మనిషికి ఆ పల్చటి చర్మం మీద రోజూ పది చిన్న గాయాలైనట్టు లెక్క.

మరి కళ్లు ఎందుకు దురద పెడతాయి? చాలామంది దుమ్ము అనుకుని వదిలేస్తారు. పొలం గట్ల మీద, ఖాళీ ప్లాట్లలో, రోడ్ల పక్కన చిన్న చిన్న తెల్లపూలతో పెరిగే వయ్యారిభామ ఒక పెద్ద కారణం. దాని పుప్పొడీ ఎండిన ఆకుల పొడీ గాలిలో ఎగిరి వచ్చి రెప్పల మీద, మెడ మీద, మోచేతి మడతల్లో పడి అలర్జీ తెప్పిస్తాయి. పొలం పనులు చేసేవాళ్లలో ఏళ్ల తరబడి ఇలా జరిగి ఆ చోట్లన్నీ దళసరిగా, నల్లగా అయిపోతాయి. అలాంటి నలుపుకు కళ్ల కింద రాసే క్రీము ఏం చేస్తుంది? ముందు ఆ మొక్కకు దూరం కావాలి, చర్మం మీది అలర్జీకి మందు వాడాలి.

జుట్టుకు వేసే రంగు ఇంకొకటి. అందులో ఉండే పీపీడీ అనే పదార్థం పడనివాళ్లకు నెత్తి కన్నా ముందు రెప్పలే వాస్తాయి. వాపు కొన్ని రోజుల్లో తగ్గుతుంది, నలుపు మిగులుతుంది. నెల తర్వాత మళ్లీ రంగు వేస్తే మళ్లీ అదే. గోళ్ల రంగు సంగతి ఇంకా విచిత్రంగా ఉంటుంది. అది పడకపోతే వేళ్ల దగ్గర ఏమీ కనపడకపోవచ్చు. ఆ వేళ్లతో ముట్టుకున్న రెప్పల మీద మాత్రం దురద, పొట్టు, ఎరుపు వస్తాయి. చర్మం పల్చగా ఉన్నచోటే దెబ్బ ముందు తగులుతుందన్నమాట. కాటుక కూడా కొందరికి పడదు. గుంటగలగరాకు రసంలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డతో వత్తి చేసి, ఆముదం దీపం మీద మసి పట్టి అమ్మమ్మలు చేసిన కాటుక అయినా, షాపులో కొన్న పెన్సిలైనా, రాత్రి తీయకుండా పడుకోవడం, పొద్దున్నే తువ్వాలుతో గట్టిగా తుడవడం, ఈ రెండూ నలుపును పెంచుతాయి. దూదికి కొంచెం కొబ్బరినూనె అద్ది, రెప్ప మీద కాసేపు ఆనించి, తర్వాత మెల్లగా తీసేస్తే రుద్దాల్సిన పనే ఉండదు. సుర్మాల్లో కొన్నిటిలో సీసం ఉంటుంది, చిన్నపిల్లల కళ్లకు అసలు పెట్టకూడదు.

ఇక రక్తం రకం. దీని మూలం చాలాసార్లు కంట్లో కాదు, ముక్కులో ఉంటుంది.

మా అక్క కూతురికి తొమ్మిదేళ్లు. పొద్దున లేవగానే వరసగా ఎనిమిది తొమ్మిది తుమ్ములు. అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి తుడుచుకునే అలవాటు, ఆ తుడుపుకు ముక్కు మీద అడ్డంగా సన్నటి గీత కూడా పడింది. నోరు తెరిచి పడుకునేది. కళ్ల కింద నీలంగా, ఎవరో కొట్టినట్టు ఉండేది. ఇంట్లో అందరూ ఫోనునే తిట్టారు. పిల్లల డాక్టరు మాత్రం కళ్లకు ఏమీ ఇవ్వలేదు, ముక్కుకు స్ప్రే రాశారు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతకమన్నారు, మంచం మీది బొచ్చు బొమ్మలు తీసేయమన్నారు. రెండు మూడు నెలలకు తుమ్ములు తగ్గాయి, కళ్ల కింద నీలం పల్చబడింది. "పిన్నీ, నేనిప్పుడు నోరు మూసుకుని పడుకుంటున్నాను" అని తనే ఫోన్ చేసి చెప్పింది.

జరిగింది ఇదీ. కింది రెప్పల దగ్గరి సిరల్లోని రక్తం ముక్కు చుట్టుపక్కల సిరల గుండా వెనక్కి పోవాలి. అలర్జీతో ముక్కు లోపలి పొర ఉబ్బితే ఆ దారి ఇరుకైపోతుంది. రక్తం కదలడం నెమ్మదిస్తుంది, రెప్ప కింద సిరలు నిండి ఉబ్బుతాయి. పల్చటి చర్మం లోంచి అదంతా నీలంగా కనపడుతుంది. దానికి తోడు దురదతో నలుపుకుంటే పైన రంగు కూడా పేరుకుంటుంది. పొద్దున్నే తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ల దురద ఉండి కళ్ల కింద నల్లగా ఉన్నవాళ్లు బ్యూటీ షాపుకన్నా ముందు ముక్కు చూపించుకోవడం మంచిది.

రక్తహీనత గురించి కూడా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. సగానికి పైనే. రక్తం తక్కువైతే కళ్ల కింద కొత్తగా నలుపు పుట్టదు. చుట్టూ ముఖం పాలిపోయి, ఉన్న నలుపూ నీలమూ ఎత్తి చూపినట్టు కనపడతాయి. మెట్లెక్కితే ఆయాసం, ఊరికే నీరసం, నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. గర్భిణులు కాని ఆడవాళ్లకు 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే అది రక్తహీనతే. ఐరన్ మాత్రలు వేసుకుంటే ముఖానికి కళ వస్తుంది, అయితే వంశంగా వచ్చిన గోధుమరంగు వాటితో పోదు. ఆ మాత్రలు కళ్ల కోసం కాదు, ఒంటి కోసం వేసుకోవాలి. మాత్ర వేసుకున్న గంటలోపు టీ తాగితే ఐరన్ సరిగా ఒంటబట్టదు, ఇదొక్కటి గుర్తుంచుకోండి.

మరి నిద్రకు అసలు సంబంధమే లేదా? ఉంది. స్వీడన్ పరిశోధకులు 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పదిమందిని బాగా నిద్రపోయాక ఒకసారి, 31 గంటలు మేలుకున్నాక ఒకసారి ఫొటోలు తీశారు. ఏ ఫొటో ఎప్పటిదో చెప్పకుండా నలభై మందికి చూపించారు. నిద్రలేని ఫొటోల్లో చర్మం పాలిపోయినట్టు, రెప్పలు వాలినట్టు, కళ్ల కింద నలుపు ఎక్కువైనట్టు వాళ్లు గుర్తించారు. అంటే నిద్రలేమి ఉన్న నలుపును పెంచి చూపిస్తుంది. హైదరాబాద్‌లో అమెరికా టైముకు పనిచేసే పిల్లలకు ఇది రోజూ అనుభవమే. తేడా తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. మూడు నాలుగు రాత్రులు హాయిగా పడుకున్నాక నలుపు బాగా తగ్గితే మీది నిద్ర సమస్య. తగ్గకపోతే నిద్రను నిందించడం మానేసి వేరే చోట వెతకాలి.

ఫోను వెలుగు చర్మాన్ని నల్లబరుస్తుందా అని కూడా చాలామంది అడుగుతారు. ఎండతో పోలిస్తే ఆ వెలుగు ఏపాటిది? ఫోను చేసే చేటు ఇంకో దారిలో వస్తుంది. రెప్ప వేయడం తగ్గి కళ్లు పొడిబారతాయి, మంట పుట్టి నలుపుకుంటాం, పడుకోవడం ఆలస్యమవుతుంది.

మూడోది నీడ. కంటి లోపలి మూల నుంచి దిగే గాడి దగ్గర చర్మాన్ని ఎముకకు పట్టి ఉంచే గట్టి తంతువులు ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ చెంపల్లో కొవ్వు తగ్గి కిందికి జారుతుంది, గాడి లోతవుతుంది. కనుగుడ్డు చుట్టూ మెత్తలా ఉండే కొవ్వును ఆపి ఉంచే పొర వదులై ఆ కొవ్వు ముందుకు తోసుకొస్తే, దాన్నే మనం కళ్ల కింద సంచులంటాం. పైన సంచి, కింద గాడి, మధ్యలో నీడ. ఒక్కసారిగా బాగా బరువు తగ్గినవాళ్లలో ఇది ఉన్నట్టుండి కనపడుతుంది. కొందరికి ఎముకల తీరు వల్ల చిన్నప్పటి నుంచే ఉంటుంది. లిఫ్టులో అద్దం చూసుకుంటే ముఖం పీక్కుపోయినట్టు కనపడటానికి కారణం నెత్తిన ఉన్న లైటే. ఆఫీసు వీడియో కాల్‌లో అలా కనపడి దిగులు పడేవాళ్లు కిటికీకి ఎదురుగా కూర్చుని చూసుకోండి, సగం నీడ అక్కడే పోతుంది.

పొద్దున్నే కనపడి మధ్యాహ్నానికి తగ్గే ఉబ్బు వేరే. పడుకున్నప్పుడు నీరు ముఖంలోకి చేరుతుంది, లేచి తిరిగాక కిందికి దిగుతుంది. రాత్రి భోజనంలో ఊరగాయ, అప్పడం, చిప్స్ లాంటి ఉప్పు ఎక్కువగా తింటే మర్నాడు ఉబ్బు ఎక్కువ. దిండు ఇంకాస్త ఎత్తుగా పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. కీర ముక్కలు పనిచేసేది ఈ ఉబ్బు మీదే, అదీ వాటి చల్లదనం వల్లే. చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, గంటో రెండు గంటలో బాగుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టిన స్పూను కూడా అదే పని చేస్తుంది. చల్లార్చిన టీ బ్యాగులో కెఫీన్ ఉంటుంది, అది కూడా నాళాలను కాసేపు ముడుస్తుంది. బంగాళాదుంప రసం రంగును తగ్గిస్తుందన్నదానికి చెప్పుకోదగ్గ ఆధారం లేదు. నిమ్మరసం మాత్రం దయచేసి రాయకండి. అది పులుపు, పైగా రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి బొబ్బలెక్కి, ముందున్నదానికన్నా ముదురు మచ్చ మిగులుతుంది.

ఇంతకన్నా ప్రమాదమైనది ఇంకొకటి ఉంది, దాన్ని తలుచుకుంటే నాకు నిజంగా భయం వేస్తుంది. మందుల షాపులో అడిగితే చేతిలో పెట్టే తెల్లబరిచే ట్యూబులు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ట్యూబు మీద సన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అని ఉంటే అవి స్టెరాయిడ్లే. మొదటి రెండు వారాలు ముఖం మెరుస్తుంది, ఇంట్లో అందరూ మెచ్చుకుంటారు, చెల్లెలు కూడా అదే కొనుక్కుంటుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం ఇంకా పల్చబడుతుంది, రక్తనాళాలు తేలతాయి, అంటే తగ్గించుకోవాలనుకున్న నలుపే పెరుగుతుంది. ఆపేస్తే మంట, ఎరుపు, మొటిమలు. రెప్పల దగ్గర ఎక్కువ కాలం రాస్తే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లాలు కూడా రావచ్చు. ఇలాంటి పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. అయినా అడిగితే ఇచ్చేవాళ్లు ఉన్నారు. డాక్టరు ఏదైనా జబ్బుకు కొద్దిరోజులకని రాసిచ్చినది వేరు, ఏళ్ల తరబడి మనమే రాసుకోవడం వేరు.

పేరూ ఊరూ లేని ఫెయిర్‌నెస్ క్రీములది ఇంకో కథ. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో కొందరు కిడ్నీ జబ్బుతో ఆసుపత్రికి వస్తే, వాళ్లు వాడిన తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉన్నట్టు డాక్టర్లు గుర్తించారు. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, అందులో ఏమున్నాయో రాసి లేని డబ్బా ఎంత చవకైనా, ఎవరు చెప్పినా ముట్టుకోవద్దు.

మరి పనిచేసేవి ఏవి? రంగు రకానికి మొట్టమొదట ఎండ నుంచి కాపాడుకోవడం. ఇది లేకుండా మిగతావి ఎన్ని రాసినా ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో పారబోసినట్టే. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ కళ్ల కింద ఎముక దాకా రాయాలి. కళ్లు మండేవాళ్లకు జింక్ ఆక్సైడ్ ఉన్నది నయం. చర్మం రంగులో వచ్చే టింటెడ్ రకాల్లో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది, కంటికి కనపడే వెలుతురు వల్ల వచ్చే నలుపును కూడా అది కొంత అడ్డుకుంటుంది. మన ఛాయకు ఇది ముఖ్యం. చలువ కళ్లద్దాలు కూడా మేలు చేస్తాయి. రాసుకునేవాటిలో విటమిన్ సి, నియాసినమైడ్, అజెలాయిక్ ఆసిడ్, కోజిక్ ఆసిడ్ నెమ్మదిగా రంగును తగ్గిస్తాయి. రెటినాల్ చర్మాన్ని కాస్త దళసరిగా చేస్తుంది కాబట్టి రక్తం రకానికి కూడా ఉపయోగమే, అయితే తక్కువ శాతంతో, వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టాలి. గర్భంతో ఉన్నవాళ్లు, బిడ్డ కోసం అనుకుంటున్నవాళ్లు వాడకూడదు. రెండు కళ్లకూ కలిపి ఒక పెసరగింజంత చాలు. రెప్ప వెంట్రుకల అంచుదాకా కాదు, ఎముక మీద అద్దాలి, రుద్దకూడదు. ఒకేసారి నాలుగు కలిపి రాస్తే మండి, ఆ మంటకే మళ్లీ నల్లబడుతుంది. ఒకటి మొదలుపెట్టి రెండు మూడు నెలలు ఆగాలి. చర్మం పై పొర పూర్తిగా మారడానికే నెలకు పైన పడుతుంది.

కొందరిలో మెలనిన్ పై పొరలో కాకుండా లోతుగా దిగి ఉంటుంది. అది గోధుమరంగులో కాకుండా బూడిద నీలంలో కనపడుతుంది. క్రీములు అంత లోతుకు చేరవు. అప్పుడు డాక్టర్లు లేజర్ గురించి చెబుతారు. లేజర్‌తో ఫలితం ఉంటుంది, కానీ మన ఛాయ చర్మానికి శక్తి కొంచెం ఎక్కువైనా కాలి ఇంకా నల్లబడే ప్రమాదం ఉంది. మందు పూసి చర్మం పై పొరను ఊడదీసే కెమికల్ పీల్ కూడా అంతే. పార్లర్‌లో కాదు, అర్హత ఉన్న స్కిన్ డాక్టరు దగ్గరే చేయించుకోవాలి, "నాలాంటి ఛాయవాళ్లకు ఎంతమందికి చేశారు?" అని నిర్మొహమాటంగా అడగాలి.

నీడకు దారి వేరు. గాడిని ఫిల్లర్ ఇంజెక్షన్‌తో నింపుతారు, సంచులకు ఆపరేషన్ చేస్తారు. ఫిల్లర్ పైపైనే పడితే ఆ చోటు నీలంగా కనపడుతుంది, అరుదుగా రక్తనాళంలోకి పోతే చూపే పోవచ్చు. హయలురోనిక్ ఆసిడ్ ఫిల్లర్ అయితే కరిగించే మందు ఉంది, అది అందుబాటులో లేని చోట చేయించుకోకూడదు. ఇదంతా తెలుసుకున్నాక నేను ఆ గీతను అలాగే ఉంచుకున్నాను. వేరేవాళ్లు చేయించుకుంటే తప్పనను, అది వాళ్ల ముఖం, వాళ్ల ఇష్టం. పెళ్లికో ఫొటోకో కప్పుకోవాలనుకుంటే నేరుగా లేత రంగు కన్సీలర్ పూస్తే మన చర్మం మీద బూడిదలా తేలుతుంది. ముందు నారింజ ఛాయ కరెక్టర్ పల్చగా అద్ది, దాని మీద మన రంగు కన్సీలర్ వేస్తే నప్పుతుంది.

డాక్టరు దగ్గరికి ఆలస్యం చేయకుండా వెళ్లాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. తలకు దెబ్బ తగిలాక రెండు కళ్ల చుట్టూ ఊదాగా కమిలితే వెంటనే ఆసుపత్రికి పోవాలి, పుర్రె అడుగున ఎముక విరిగి ఉండొచ్చు. నలుపు ఒక్క కన్ను వైపే ఉన్నా చూపించుకోవాలి. ఒకవైపే బూడిద నీలంగా ఉండి తెల్లగుడ్డు మీద కూడా మచ్చ ఉంటే అది ఓటా మచ్చ అనే ఒక రకం రంగు మచ్చ కావచ్చు, దానికి కంటి డాక్టరు కూడా చూడాలి. రోజూ పొద్దున కళ్లు ఉబ్బుతూ, కాళ్లు పొంగుతూ, మూత్రం నురగగా వస్తుంటే కిడ్నీ పరీక్షలు చేయించాలి. మెడ మీద, చంకల్లో కూడా మఖమల్ గుడ్డలా మందంగా నల్లబడితే షుగర్ చూపించుకోవాలి. నీటికాసులకు బైమాటోప్రోస్ట్, లాటానోప్రోస్ట్ లాంటి చుక్కలు వేసుకునేవాళ్లకు రెప్పలు నల్లబడి, కళ్లు లోతుకు పోయినట్టు కావచ్చు. అలాగని చుక్కలు మీకు మీరే ఆపేయకండి, చూపు దాని మీదే ఆధారపడి ఉంది. డాక్టరుకు చెబితే మందు మార్చగలరా అన్నది ఆలోచిస్తారు.

వాడిన మందు పనిచేస్తోందో లేదో అద్దంలో రోజూ చూసుకుంటే తెలియదు. నాలుగు వారాలకోసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే సమయంలో, అదే ఫోనుతో ఫిల్టర్ లేకుండా ఫొటో తీసుకోవాలి. నేనూ అలాగే ఉదయం ఎనిమిదింటికి మా వంటింటి కిటికీ దగ్గర నిలబడి తీసుకున్నాను. సన్‌స్క్రీన్, ఒక్క క్రీము, రాత్రి కాటుక తీసేయడం, కళ్లు నలుపుకోకపోవడం, ఇంతే నేను చేసింది. మూడు నెలల తర్వాత మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి అమ్మకు చూపించాను. అమ్మ కళ్లజోడు సవరించుకుని ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది. "రంగు తగ్గిందే, పరవాలేదు" అంది. తర్వాత స్క్రీను మీద ఆ గీత వెంట వేలితో మెల్లగా గీసి, "ఇది మాత్రం మీ అమ్మమ్మదే, అచ్చం అలాగే ఉంది" అంది.